తొలి గుంజ

మా నాన్నకు కోపం వస్తే అరవడు, కట్టిస్తాడు. పక్కింటివాళ్ళతో మాటామాటా పెరిగినప్పుడు మధ్యలో గోడ కట్టించాడు. దాయాదులతో బావి దగ్గర తగువొస్తే మాకంటూ వేరే తొట్టి కట్టించాడు. ఆ ఎండాకాలం నా పెళ్ళి కుదరగానే మా మేనమామ మీదున్న పాత కోపం ఆయనకు కొత్తగా గుర్తొచ్చింది. దాంతో ఏకంగా మండపమే కట్టిస్తానన్నాడు.

మాది ఎట్టయాపురం దాటాక బస్సు దిగి నడిచి వెళ్ళే ఊరు. ఇంట్లో తెలుగు, వాకిలి దాటితే తమిళం. పెళ్ళయి హైదరాబాదు వచ్చాక పట్టుబట్టి నేర్చుకున్న అక్షరాలతో ఇది రాస్తున్నాను. మా అవ్వ వింటే ఇది తెలుగే కాదంటుంది.

మా కులంలో పాత పద్ధతి పట్టుకున్నవాళ్ళం ఇంట్లో పెళ్ళి చెయ్యం, గుడిలోనూ చెయ్యం. ఊరి పొలిమేరలో, పంట కోసేసిన చేలో రెండు ఆకుల గుడిసెలు వేస్తారు. ఒకటి పెళ్ళికొడుక్కి, ఒకటి పెళ్ళికూతురికి. పాలచెట్టు కొమ్మలు గుంజలుగా పాతి, పైనా చుట్టూ కానుగ మండలు కప్పుతారు. పెళ్ళి మూడు రోజులూ అవే ఇళ్ళు. పెళ్ళికూతురి గుడిసెకు తొలి గుంజ పాతాల్సింది ఆమె మేనమామ. మిగతా గుంజలు ఎవరైనా పాతొచ్చు గాని తొలిదానికి మాత్రం మామ చెయ్యే పడాలి.

మా మామ చెల్లదురై ఒట్టపిడారం దగ్గర సేద్యం చేస్తాడు. అమ్మకు ఒక్కడే తమ్ముడు. వాళ్ళమ్మ పోతే చంకనేసుకుని పెంచింది అమ్మే. ఆయన మా గడప తొక్కి పదేళ్ళు దాటింది. నా తమ్ముడు సతీష్‌కుమార్‌కు చెవులు కుట్టించిన రోజు ఆయనెక్కిన బస్సు ఆలస్యమైంది. బిడ్డను మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలి, అప్పుడే చెవులు కుడతారు. ముహూర్తం దాటిపోతోందని నాన్న సతీష్‌ను తన పెదనాన్న కొడుకు ఒళ్ళో కూర్చోబెట్టేశాడు. మామ వచ్చేసరికి వాడి చెవులకు పోగులు వేలాడుతున్నాయి. మామ చేతిలో ఇత్తడి తాంబాళం, దాని నిండా పూలూ పళ్ళూ కొత్త బట్టలూ. గడప బయటే దాన్ని దించి, వెనక్కి తిరిగాడు. నాన్న పిలవలేదు.

ఆ తాంబాళాన్ని అమ్మ ప్రతి శుక్రవారం చింతపండు పెట్టి తోముతుంది. తోమి మళ్ళీ అటక మీద పెడుతుంది. అందులో ఎప్పుడూ ఏదీ పెట్టగా నేను చూడలేదు.

"పొలిమేర చేన్లో సిమెంటు మండపం కట్టిస్తా," అన్నాడు నాన్న ఆ రోజు అన్నం తింటూ. "ఒక్కసారి కట్టేస్తిమంటే మూడు తరాలకు దిగుల్లే. గుంజా వద్దు, గుంజ పాతేవాడూ వద్దు."

"సిమెంట్లో పెండ్లా?" అంది మాయక్కాళ్ అవ్వ, నాన్న తల్లి. "జక్కమ్మ ఒప్పతాదా?"

"జక్కమ్మ గుడికే సిమెంటు ఏసినాం కదమ్మా. ఆయమ్మ ఏమన్నా అనిందా?"

అమ్మ రసం వడ్డించి లోపలికి పోయింది. ఈ పెళ్ళికి కూడా పిలవకపోతే మామ ఇంక ఏ పిలుపుకూ రాడని అమ్మకు తెలుసు. నాకూ తెలుసు. అమ్మ తనంతట తాను పిలిస్తే నాన్నను నలుగురిలో కాదన్నట్టవుతుంది. అందుకని ఆవిడ పదేళ్ళుగా ఇత్తడి తోముతూ ఉంది.

నాన్న నా వైపు తిరిగాడు. "నీ ఫ్రెంచి దొరను పిలువు. ఆయప్ప గీస్తే ఈ చుట్టుపట్ల అట్లాంటి మండపం ఉండదు."

నేను చదివింది ఆర్కిటెక్చరు. పుదుచ్చేరిలో మూడేళ్ళు ఎతియెన్ అనే ఫ్రెంచి ఆర్కిటెక్టు దగ్గర పనిచేశాను. ఆయనకు ఎనభై దాటాయి. ఆఫీసు మూసేసి, పటాల గొట్టాల మధ్య ఒక్కడే ఉంటున్నాడు. రానంటాడన్న ఆశతోనే ఫోను చేశాను. "వస్తాను, దేవీ," అన్నాడు వెంటనే. "చివరగా ఇంకొక్క కట్టడం మిగిలుంటే బావుండునని నిన్నే అనుకున్నాను." నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ ముసలాళ్ళందరూ కలిసి నా పెళ్ళికి సిమెంటు పోస్తున్నారనిపించింది.

మా ఊరికి దగ్గరి స్టేషను కోవిల్‌పట్టిలో కాకుండా విరుదునగర్‌లో దిగుతాను, అక్కడికి కారు తీసుకురా అన్నాడు. పొడుగ్గా, ఎండిపోయి, నీలం చొక్కాతో రైలు దిగాడు. యాభై ఏళ్ళుగా మాట్లాడుతున్న తమిళం. స్టేషను బయట టీ కొట్టువాడితో "అణ్ణే, చక్కెర తగ్గించు" అంటుంటే అందరూ ఆయన వైపే చూశారు.

"ముందు నా హాస్టలు చూడాలి," అన్నాడు.

ఈ దేశం వచ్చిన కొత్తలో విరుదునగర్ పక్కన ఒక నూలు మిల్లు అమ్మాయిల కోసం ఆయన కట్టిన హాస్టలు అది. పెద్ద పెద్ద కమానులు, లోపల చల్లగా ఉంది. మేడ గోడ మీద కప్పు నుంచి నేల దాకా ఒక చీలిక. ఆ చీలికను అమ్మాయిలు తీగగా మార్చేశారు. ఆకుపచ్చ రంగుతో అటూ ఇటూ ఆకులు, నడుమ నడుమ ఊదా పూలు.

"వానలు పడని ప్రతి ఏడూ కొంచెం సాగుతుంది, సార్," అంది వార్డెన్. "కూలేది కాదని ఇంజినీర్లు చూసి చెప్పారు. అది సాగినప్పుడల్లా పిల్లలు ఇంకో నాలుగాకులు వేస్తారు."

ఎతియెన్ ఆ ఆకుల మీద వేలు పెట్టి పైనుంచి కింది దాకా రాశాడు. గట్టిగా నవ్వాడు.

కారు సాత్తూరు దాటాక మొదలుపెట్టాడు. "నల్లమట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు చీలుతుంది. పుస్తకంలో చదివే వచ్చాను. నా కట్టడం దానికన్నా మొండిదనుకున్నాను. ముప్పై ఏళ్ళు కూడా లేవు నాకప్పుడు."

"ఎందుకంత మొండితనం?" అన్నాను. నా దగ్గర జీతం తీసుకునేవాణ్ణి అడిగినట్టు అడిగాను. ఆయనకు అదే ఇష్టం.

చెప్పాడు. ఆయన పుట్టిన ఓడరేవు ఊరు యుద్ధంలో బాంబులకు నేలమట్టమైంది. ఇళ్ళు పోయినవాళ్ళకు సర్కారు చెక్క షెడ్లు వేసిచ్చింది. కొన్నాళ్ళకే, వచ్చే ఏడు ఇళ్ళిస్తామన్నారు. ఆ వచ్చే ఏడు వచ్చేసరికి ఎతియెన్‌కు మీసాలు మొలుస్తున్నాయి. చెక్కల సందుల్లోంచి చలిగాలి కొట్టి కొట్టి, వాళ్ళమ్మ దగ్గుతూ దగ్గుతూ ఆ షెడ్డులోనే పోయింది.

"అందుకే కదలని ఇళ్ళు కట్టాలనుకున్నాను. నా మొదటి ఇల్లు మా అక్క మాడ్లెన్ కోసం. సముద్రం పక్కన, అంతా కాంక్రీటు. తుపానొచ్చినా చెక్కుచెదరదు. అక్క ఏమందో తెలుసా? నాకు కోట వద్దురా, కిటికీ కావాలి అంది. ఏడాది కూడా ఉండలేదు అందులో. ఇంకో ఊళ్ళో అద్దె ఇంటికి పోయింది. అవమానమనిపించి నేను ఓడెక్కేశాను."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత బళ్ళు కట్టాను, ఆసుపత్రి కట్టాను, లైబ్రరీ కట్టాను. సునామీ వచ్చాక జాలరివాళ్ళకు ఇళ్ళు కట్టాను. మీరంతా పటాలు వేసి గోడలకు తగిలించుకున్నారు. మా అక్క ఒక్కటీ చూడలేదు."

"ఫోనైనా చెయ్యరా?"

"నంబరు మారలేదు, నాకు కంఠతా వచ్చు," అని కిటికీ వైపు తిరిగాడు.

ఆ మనిషి మీద నాకు జాలి కలిగింది. మూడేళ్ళు ఆయన గీతలు దిద్దాను గాని ఈ సంగతి నాకు తెలియదు. జాలిలోనే మా ఇంటి కథ కూడా చెప్పేశాను. చెవులు కుట్టడం, బస్సు, తాంబాళం, తొలి గుంజ, మండపం, అన్నీ. ఒళ్ళో కూర్చోబెట్టుకునే సంగతి రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"అయితే మీ నాన్న నన్ను పిలిచింది మీ మామ రాకుండా ఉండటానికి," అన్నాడు.

"రానక్కర లేకుండా ఉండటానికి."

"రెండూ ఒకటే కదా?"

మర్నాడు పొద్దున నాన్న ఆయన్ని పొలిమేర చేనుకు తీసుకెళ్ళాడు. నేల ఎండకు నెర్రెలిచ్చి ఉంది. ఒక్కో నెర్రెలో నా చెయ్యి పడుతుంది. నాన్న అప్పటికే జేసీబీ పిలిపించి పెద్ద గొయ్యి తవ్వించేశాడు. ఎతియెన్ అందులోకి దిగి, మట్టిగడ్డ తీసి నలిపి, వాసన చూసి, చాలా లోతుకు పోవాల్సి ఉంటుందన్నాడు. ఎంత లోతుకైనా పోదామన్నాడు నాన్న. పంతం విషయంలో మా నాన్న ఎంత లోతుకైనా పోగలడు, అందులో సందేహం లేదు.

మధ్యాహ్నం మా వాకిట్లో చెట్టునీడన కూర్చుని ఎతియెన్ కాగితం మీద స్తంభాలు గీస్తున్నాడు. అవ్వ పక్కన చేరి చూసి చూసి, "ఏందే ఇది, రేషన్ కొట్టా?" అని నన్నడిగింది. నేను తమిళంలో చెప్పాను. ఆయన నవ్వి, మీ గుడిసె ఎలా ఉంటుందో చూపించమన్నాడు. అవ్వ చీపురుపుల్లలు విరిచి మట్టిలో గుండ్రంగా గుచ్చింది, పైన వేపరెమ్మలు పరిచింది. ఆ తర్వాత మొదట గుచ్చిన పుల్లను వేలితో తట్టింది.

"ఇది మామ గుంజ. ఇది లేకుంటే తక్కినవి ఉత్త కట్టెలే."

"ఎన్నాళ్ళుంటుంది గుడిసె?"

"పెండ్లి మూడు దినాలే. మూడో దినం పీకేస్తారు. మీదట ఉండకూడదు."

"అంత కష్టపడి వేసింది ఎందుకు పీకేయడం? ఉంచితే తర్వాతి పెళ్ళికి పనికొస్తుంది కదా?"

అవ్వ ఆయన్ని చిన్నపిల్లవాణ్ణి చూసినట్టు చూసింది. "ఉండిపోతే ఎట్లప్పా? రేపు ఇంకో పెండ్లికి మామను ఏం చెప్పి పిలిచేది? వాడు ఎందుకు వచ్చేది?"

నేను ఆ మాట తమిళంలోకి తిప్పేలోపే ఆయనకు అర్థమైనట్టుంది. పెన్సిలు కాగితం మీద పెట్టాడు. ఆ పూట మళ్ళీ తీయలేదు.

ఎతియెన్‌కు ఒక అలవాటు ఉంది. ఏదైనా గీసే ముందు, కట్టబోయే చోట ఒక మూలను నిజమైన కొలతల్లో ఆయనే కట్టి చూస్తాడు. చేతికి తెలియందే కాగితానికి తెలియదంటాడు. ఆయన దగ్గర పనిచేసిన వాళ్ళమందరం ఎండలో ఇటుకలు మోసినవాళ్ళమే. అందుకని రెండు రోజుల తర్వాత ఆయన ఎక్కణ్ణుంచో పాల కొమ్మ ఒకటి నరికించి తెచ్చుకుంటే నాకేమీ వింతగా తోచలేదు.

అమ్మ పొయ్యి దగ్గర ఉంది. ఆయన వాకిట్లో కొమ్మ పట్టుకుని నిలబడి, "మీ అమ్మను అడుగు," అన్నాడు నాతో. "గుడిసె ఎలా నిలబడుతుందో చూడాలి. చేన్లో ఒక గుంజ పాతి చూడనా?"

"కుదరదు," అన్నాను. "అది మామ పాతాలి. నేను చెప్పాను కదా మీకు, అవ్వ కూడా చెప్పింది."

"తెలుసు. అయినా అడుగు."

అడిగాను. అమ్మ నా ముఖం చూసింది. తర్వాత ఆయన ముఖం చూసింది. ఆ చూపు కొంచెం ఎక్కువసేపే ఉంది. ఆ తర్వాత పొయ్యిలోకి కట్టె ఎగదోసి, "నాటమను," అంది.

"ఏందిమా నువ్వు చెప్పేది!"

"నాటమను అంటిని కదా. పో, నాకు పని ఉండాది."

ఆయన పాతాడు. ఎనభై దాటిన మనిషి గడ్డపార పట్టుకుని, ఎండలో, నెర్రెలిచ్చిన నేలలో గుంజ నిలబెట్టాడు. సంగతి తెలిసి అవ్వ కర్ర పట్టుకుని చేను దాకా నడిచొచ్చింది. బుగ్గలు నొక్కుకుంది. కాసేపు తిట్టింది. తర్వాత ఆవిడకు ఇదేదో బాగానే అనిపించినట్టుంది, నవ్వడం మొదలుపెట్టింది.

"సరి పో. గుంజ పాతినవాడే మామ. ఇంక నువ్వే మా దేవిప్రియకు మామ. చీర తేవాల్ల, సీరు సారె తేవాల్ల, పెండ్లికి మామ కంబళి మీద కూర్చోవాల్ల. తప్పించుకోలేవు."

"సరి," అన్నాడు ఎతియెన్ చెమట తుడుచుకుంటూ.

నాన్న నవ్వలేదు. చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "ఎట్లయినా మండపం వస్తే ఇది పీకేసేదే కదా," అని గొయ్యి వైపు వెళ్ళిపోయాడు. కాని ఆయన ముఖంలో ఏదో కలత కనిపించింది. తను పిలిపించిన మనిషి తను అనుకోని పని చేస్తే నాన్నకు ఊపిరాడదు.

సాయంత్రం బొమ్మక్క వచ్చింది. మా వీధే, కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి వ్యానులో పోయివస్తుంటుంది. ఆ వ్యానులో చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళందరూ ఎక్కుతారు, అందులో ఇద్దరు మా మామ ఊరివాళ్ళు. అమ్మ బొమ్మక్కను పెరట్లోకి పిలిచి, ముంతలో మజ్జిగ ఇచ్చి, గొంతు తగ్గించింది.

"తెల్లాయప్ప మా పిల్లకు తొలి గుంజ నాటేసినాడు, బొమ్మక్కా. నువ్వు ఎవుర్తోనూ చెప్పొద్దు."

"చీ చీ, నేనెందుకు చెప్తాను?" అంది బొమ్మక్క. మజ్జిగ సగంలోనే వదిలేసి లేచింది.

తలుపు చాటున నిలబడిన నాకు అప్పుడు అర్థమైంది. మా ఊళ్ళో ఒక మాట అందరికీ తెలియాలంటే బొమ్మక్కతో ఎవరికీ చెప్పొద్దనాలి. అమ్మను ఆ క్షణంలో చూస్తే నాకు భయమేసింది. ముద్దొచ్చింది కూడా. పదేళ్ళు నోరు విప్పని మనిషి ఒక్క మాటకు ఎంత ఆలోచించిందో!

ఆ మర్నాడు కాక మర్నాడు పొద్దున, చేను గట్టు మీదుగా ఒక పాత టీవీఎస్ మోపెడ్ దుమ్ము లేపుకుంటూ వచ్చింది. దానికి అడ్డంగా గడ్డపార, ఒక పాల గుంజ కట్టి ఉన్నాయి. మామ బాగా నెరిసిపోయాడు. అమ్మా, అవ్వా, నేనూ చేనుకు పరిగెత్తుకుపోయేసరికి ఆయన గుంజ ముందు నిలబడి ఉన్నాడు. ఎతియెన్ పక్కనే రాయి మీద కూర్చుని ఉన్నాడు. నాన్న గొయ్యి ఒడ్డున ఉన్నాడు.

"ఎవుడు నాటింది దీన్ని?" అన్నాడు మామ తమిళంలో.

"నేనే," అన్నాడు ఎతియెన్ లేచి నిలబడి.

"నువ్వెవరు మా అక్కకు?"

"ఎవరినీ కాను. ఎవరూ రాలేదు. అందుకని నాటాను."

మామ మా వైపు తిరిగి తెలుగులోకి దిగాడు. "నన్ను ఎవురన్నా పిలిస్తిరా? ఆ దినం బిడ్డను ఇంకొకడి ఒళ్ళో పెట్టిరి. ఈ దినం గుంజను తెల్లోడి చేతికి ఇస్తిరి. నేను చచ్చిపోయినానా అక్కా?"

"అట్లనకురా," అంది అమ్మ. "ఇప్పుడు ఎవురు పిలిస్తే వచ్చినావు?"

మామ గడ్డపార విప్పుకుని, ఎతియెన్ పాతిన గుంజను రెండు పోట్లకు పెకలించి పక్కన పడేశాడు. అదే చోట కొత్త గుంత తవ్వడం మొదలుపెట్టాడు. పైన నెర్రెలే గాని లోపల మట్టి రాయిలా ఉంది. గడ్డపార ఠంగుమంటోంది, అంగుళం దిగడంలేదు. ఆయన ఆగడంలేదు. చెమట కళ్ళలోకి కారుతోంది, అవి చెమటో కన్నీళ్ళో నాకు తెలియలేదు. మేమందరం చూస్తూ నిలబడ్డాం. ఆయన చెయ్యి పడాల్సిన పనిలో ఇంకెవరూ చెయ్యి వెయ్యలేరు.

నాన్న గొయ్యి ఒడ్డునుంచి కదిలాడు. కూలీల కోసం పెట్టిన బిందె దగ్గరికి పోయాడు. బిందె భుజానికెత్తుకుని వచ్చి, మామ ముఖం చూడకుండా, గుంతలో నీళ్ళు పోశాడు.

మట్టి నీళ్ళు తాగింది. గడ్డపార దిగింది. మామ తవ్వుతున్నాడు, నాన్న కొంచెం కొంచెంగా పోస్తున్నాడు. బిందె ఖాళీ అయ్యేసరికి గుంత మోకాటి లోతుకు వచ్చింది.

వెనక్కి చూస్తే అమ్మ లేదు. ఎప్పుడు ఇంటికి పరిగెత్తిందో, ఇత్తడి తాంబాళంలో పసుపూ కుంకుమా పూలూ పసుపు దారమూ పెట్టుకుని వస్తోంది. మామ తాను తెచ్చుకున్న గుంజను నిలబెట్టి, దారం కోసం చెయ్యి చాపి, తాంబాళాన్ని చూశాడు. దాని అంచు మీద వాళ్ళమ్మ పేరు చెక్కి ఉంటుంది. కాసేపు దారం తీసుకోలేదు. తర్వాత తీసుకుని మూడు చుట్లు చుట్టి ముడేశాడు.

"ఎండకు తిరగొద్దు, నల్లబడిపోయినావు," అన్నాడు నాతో. పదేళ్ళకు మా మామ నాతో అన్న మొదటి మాట అది. నేను ఏడ్చేశాను, ఆయన నా నెత్తి మీద చెయ్యి వేసి అటు తిరిగాడు.

ఎతియెన్ ఆ రోజు సాయంత్రం స్తంభాల కాగితం మడిచి నాన్నకిచ్చాడు. "ఇది కట్టొచ్చు. కాని పెళ్ళి అయ్యాక అడగండి," అన్నాడు. నాన్న తీసుకుని మళ్ళీ అడగలేదు. ఆ గొయ్యి ఇప్పటికీ అలాగే ఉంది. వానాకాలం నీళ్ళు నిలుస్తాయి, ఒడ్డున నాన్న కానుగ మొక్కలు నాటాడు. సతీష్ పెళ్ళికి మండలు కావాలి కదా అంటాడు, వాడికింకా మీసాలు సరిగ్గా రాలేదు.

పెళ్ళి తమిళ వైకాసి నెలలో జరిగింది. పెళ్ళికొడుకు ముత్తుకృష్ణన్‌ది విరుదునగర్ అవతల నరికుడి వైపు. వాళ్ళ గుడిసె వాళ్ళ మామ వేశాడు. మూడు రోజులు పచ్చి కానుగాకు వాసనలో పడుకున్నాను. గాలి ఆకుల్లోంచి వచ్చి ఆకుల్లోంచి పోయేది. ఎతియెన్ రోజూ వచ్చి గుడిసె లోపల ఒక పక్కన కూర్చునేవాడు. ఏమీ కొలవలేదు, ఏమీ గీయలేదు. అవ్వ తన మాట మర్చిపోలేదు. మామకు ఒక కంబళి, ఎతియెన్‌కు ఒక కంబళి పరిపించింది. మామ ఆయన్ని ఓరగా చూస్తూ, "తెల్లమామకు ఇంకొంచెం సాంబారు ఎయ్యండి," అని పందిట్లో అందరినీ నవ్వించాడు.

మూడో రోజు గుడిసె పీకేశారు. మండలు మేకలకు పోయాయి. తొలి గుంజను మామ తన ఇంటికి తీసుకుపోవాలి, అది పద్ధతి. మామ దాన్ని ఊడదీసి ఒక కొస భుజాన పెట్టుకున్నాడు. మోపెడ్ గట్టు దగ్గరుంది, ఒక్కడు మొయ్యలేని బరువేమీ కాదు. అయినా నాన్న వెనకనుంచి వెళ్ళి రెండో కొస ఎత్తుకున్నాడు. ఇద్దరూ ముందొకరు వెనకొకరు నడుస్తున్నారు. నేను తాంబాళం పట్టుకుని వాళ్ళ వెనకే ఉన్నాను.

"ఆ దినం బస్సు పంక్చర్ బావా," అన్నాడు మామ ముందుకే చూస్తూ.

నాన్న కొన్ని అడుగులు నడిచాడు.

"తెలుసురా," అన్నాడు. "కొంచెం సేపు నిలిచి ఉండాల్సింది నేను."

అంతే. గట్టు వచ్చింది. గుంజను మోపెడ్‌కు కట్టడానికి ఇద్దరూ తాడు కోసం వెతుక్కోసాగారు.

నేనూ ముత్తుకృష్ణన్ ఎతియెన్‌ను కోవిల్‌పట్టి స్టేషనులో రైలెక్కించడానికి వెళ్ళాం. ఆయన చేతిలో తను పాతిన గుంజ ఉంది, మామ పెకలించి పడేసింది. నాకిచ్చెయ్యండి అని మామను అడిగి తీసుకున్నాడు. రైల్లో ఎలా పడుతుందని నేను గొణిగాను. ప్లాట్‌ఫారం మీద బెంచీకి దాన్ని ఆనించి కూర్చున్నాడు.

"నిజం చెప్పండి," అన్నాను. "మామ వస్తాడని తెలిసే పాతారా?"

"మీ అమ్మకు తెలుసు. ఆమె ముఖం చూసి పాతాను." చేతుల్లో ఎండిన బొబ్బలు చూసుకున్నాడు. "ఇన్నేళ్ళూ ఎవరూ మళ్ళీ కట్టనక్కర లేనివే కట్టాను, దేవీ. కట్టాక నన్ను ఎవరూ మళ్ళీ పిలవనక్కర లేకపోయింది."

ఆయన చొక్కా జేబులోంచి ఫోను తీసి, అందులోకి చూస్తూ కాసేపు కూర్చున్నాడు. వాళ్ళ అక్క ఉండే చోటికీ ఇక్కడికీ గంటల తేడా యాభై ఏళ్ళుగా ఆయనకు నిద్రలోనూ తెలుసు. అయినా నన్నే అడిగాడు.

"ఇప్పుడు అక్కడ టైమెంతవుతుంది?"

స్టేషను గడియారం వైపు చూశాను. "పొద్దున ఎనిమిది."

"లేచే ఉంటుంది," అన్నాడు, నంబరు నొక్కుతూ.